మరుగున ఉన్నది బయటికి వస్తుంది: ఆ మాట బెదిరింపా, భరోసా?

"అన్నీ ఒకరోజు బయటపడతాయి" అనే మాట మన ఇళ్లలో కొత్తది కాదు. అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదా వచ్చినా, పంపకంలో నగ ఒకటి తక్కువైనా, చీటీలు నడిపినవాడు చెప్పాపెట్టకుండా ఊరు వదిలినా, ఎవరో ఒకరు ఆ మాట అంటారు. చర్చికి వెళ్లే ఇంట్లో అది వాక్యంగా వస్తుంది. గుడికి వెళ్లే ఇంట్లో "పాపం పండుతుంది" అనే నానుడిగా వస్తుంది. రెండు ఇళ్లలోనూ ఆ మాట చూపే వేలు ఎదుటివాడి వైపే ఉంటుంది. మనవైపు తిరగడం అరుదు.

క్రైస్తవ బోధలో ఈ మాటకు పెద్ద చోటు ఉంది. అయితే అది మనం వాడుకుంటున్నంత ఇరుకైన మాట కాదు. అది ఎవరితో చెప్పిన మాట, ఏ సందర్భంలో చెప్పారు, అందులో భయం ఎంత, ఊరట ఎంత అన్నది ఈ వ్యాసంలో వివరిస్తున్నాం. తిరునిన్రవూరు, తిరువళ్లూరు, తిరుత్తణి వైపు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో వైష్ణవులున్నారు, శైవులున్నారు, క్రైస్తవులున్నారు. ఒకే ఇంటిపేరు రెండు మతాల్లో కనిపించడమూ ఉంది. కాబట్టి ఇది చర్చికి వెళ్లేవారికి మాత్రమే రాసింది కాదు.

నాలుగు చోట్ల, మూడు సందర్భాల్లో

దాచినది బయటపడక తప్పదనే మాటను యేసు చెప్పినట్లు సువార్తల్లో నాలుగు చోట్ల ఉంది. మార్కు 4:22, లూకా 8:17, మత్తయి 10:26, లూకా 12:2. మాట దాదాపు ఒకటే అయినా సందర్భాలు వేరు.

మార్కులోనూ, లూకా ఎనిమిదో అధ్యాయంలోనూ ఈ మాట దీపం ఉపమానం వెంటనే వస్తుంది. దీపం వెలిగించి ఎవరూ కుంచం కింద పెట్టరు, దీపస్తంభం మీద పెడతారు. కుంచం అంటే ధాన్యం కొలిచే పాత్ర అని మన పెద్దవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ మరుగున ఉన్నది పాపం కాదు. దేవుని రాజ్యాన్ని గురించిన సందేశమే మరుగున ఉంది. ఆ సందేశం ఇప్పుడు కొద్దిమంది చెవిలో మాత్రమే పడుతోంది, కానీ అది ఎల్లకాలం చాటున ఉండడానికి కాదు. మార్కు వాక్య నిర్మాణం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది: దాచడం అన్నదే తర్వాత బయటికి రావడం కోసం అంటుంది. అదే అధ్యాయంలో విత్తనం మాట కూడా ఉంది. రైతు విత్తనాన్ని మట్టిలో దాస్తాడు, రాత్రి పడుకుంటాడు, పగలు లేస్తాడు. అది ఎలా మొలిచిందో అతనికే తెలియదు. ఆ దాపరికంలో తప్పు లేదు, ఎదుగుదల ఉంది.

మత్తయి పదో అధ్యాయంలో సందర్భం వేరు. యేసు పన్నెండుమంది శిష్యులను ఊళ్లకు పంపుతున్నాడు. మిమ్మల్ని పట్టి అప్పగిస్తారు, నిందలు వేస్తారు, అయినా భయపడకండి అని చెబుతూ ఈ మాట అంటాడు. అంటే ఇక్కడ ఇది అన్యాయానికి గురయ్యేవారికి ఇచ్చిన ధైర్యం. మీ మీద వేసిన అబద్ధం నిలవదు, నిజం ఏమిటో తేలుతుంది అని అర్థం. చీకట్లో చెప్పింది వెలుగులో చెప్పండి, చెవిలో విన్నది మిద్దె ఎక్కి చాటండి అని వెంటనే వస్తుంది. ఆ దేశపు ఇళ్ల పైకప్పులు మన పాత మట్టి మిద్దెల్లా చదునుగా ఉండేవి. ఊరికి ఒక సంగతి చెప్పాలంటే అదే చోటు.

లూకా పన్నెండో అధ్యాయంలో మాత్రం ఇది హెచ్చరిక. అదీ ఎవరికి? చుట్టూ వేలమంది ఒకరినొకరు తొక్కుకునేంతగా గుమిగూడి ఉండగా, యేసు ముందు తన శిష్యుల వైపు తిరిగి చెప్పాడని లూకా రాశాడు. ఊళ్లో చెడ్డవాళ్లుగా పేరుపడ్డవారిని ఉద్దేశించి కాదు, పక్కనే ఉన్న తనవాళ్లను ఉద్దేశించి. ఈ ఒక్క వివరం గుర్తుంటే ఈ మాటను మనం వాడే తీరు చాలా మారుతుంది.

వేషం, పులిసిన పిండి

శిష్యులను యేసు హెచ్చరించింది వేషధారణ గురించి. తెలుగు బైబిలులో వాడిన వేషధారి అనే మాట చాలా సరైన మాట. మూలంలోని గ్రీకు పదం హుపొక్రితేస్. దానికి మొదటి అర్థం నాటకంలో వేషం కట్టేవాడు అనే. మన జిల్లాలో తెరుక్కూత్తు చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. రాత్రంతా కిరీటం పెట్టుకుని రాజుగా గర్జించినవాడు తెల్లవారితే నూనె రాసి రంగు కడుక్కోవలసిందే. వేషం కట్టడం తప్పు కాదు. తెల్లవారిన తర్వాత కూడా నేనే రాజునని నమ్మించాలని చూస్తేనే తంటా.

ఆ వేషధారణను యేసు పులిసిన పిండితో పోల్చాడు. ఇడ్లీ పిండి రుబ్బే ఇంట్లో ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రాత్రి పిండి కలిపి మూత పెట్టినప్పుడు గిన్నె సగమే ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో పైకి కనపడదు. పొద్దున చూస్తే పిండి మూతను నెట్టుకుని పైకి పొంగి ఉంటుంది. దాచిన తప్పు నడక కూడా అంతే. దాన్ని ఎవరో పనిగట్టుకుని బయటికి లాగనక్కరలేదు. లోపల పులిసేకొద్దీ అదే మూతను తోస్తుంది. ఒక అబద్ధాన్ని కాపాడడానికి రెండోది, దాన్ని కాపాడడానికి మూడోది కావాలి. ఏదో ఒక రోజు మూత చాలదు.

పాత నిబంధనలో దీనికి ఉదాహరణలు చాలా ఉన్నాయి. యెహోషువ గ్రంథంలో ఆకాను యెరికో కొల్లసొమ్ములోంచి మంచి పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కడ్డీ తీసి తన గుడారంలో నేల కింద పూడ్చాడు. దావీదు రాజు బత్షెబ విషయంలో చేసిన తప్పును ఆమె భర్త ఊరియాను యుద్ధంలో ముందు వరుసకు పంపి కప్పాలని చూశాడు. నాతాను ప్రవక్త వచ్చి పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి, ఆ దోషివి నువ్వేనన్నాడు. ఆకాను ఒక మామూలు సైనికుడు, దావీదు సింహాసనం మీద ఉన్నవాడు. బయటపడే విషయంలో ఇద్దరికీ తేడా లేదు.

రహస్యంగా చేసిన మంచి మాటేమిటి?

ఈ బోధలో మనం ఎక్కువగా మరచిపోయే సగం ఇదే. బయటపడేది చెడ్డ ఒక్కటే కాదు.

మత్తయి ఆరో అధ్యాయంలో యేసు మూడు పనుల గురించి మాట్లాడాడు: దానం, ప్రార్థన, ఉపవాసం. మూడింటినీ నలుగురికీ చూపించడానికి చేయవద్దన్నాడు. కుడిచేతితో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని మనం అనుకునే మాట ఇక్కడిదే. మూడుసార్లూ ఆయన ముగింపు ఒకటే: రహస్యంలో చూసే తండ్రి ఉన్నాడు, ఆయన ప్రతిఫలం ఇస్తాడు. పౌలు తిమోతికి రాసిన మొదటి ఉత్తరంలో, కొందరి పాపాలు ముందే తెలిసిపోతాయి, కొందరివి వెనక తెలుస్తాయి, మంచి పనులూ అంతే, అవీ దాగి ఉండలేవు అని రాశాడు. కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం నాలుగో అధ్యాయంలో ఇంకా స్పష్టంగా చెప్పాడు. కాలం రాకముందే ఎవరినీ తీర్పు తీర్చవద్దు, చీకటిలోని సంగతులను, మనసులోని ఉద్దేశాలను ప్రభువు వెలుగులోకి తెస్తాడు అని. ఆ వాక్యం శిక్ష మాటతో ముగుస్తుందని మనం ఎదురు చూస్తాం. కాదు, అప్పుడు ప్రతివారికీ దేవుని నుంచి మెప్పు కలుగుతుందన్న మాటతో ముగుస్తుంది.

ఈ సంగతి మన ఊరివారికి ఇంకో దారిలో ముందే తెలుసు. తిరునిన్రవూరు పేరు చెప్పగానే భక్తవత్సల పెరుమాళ్, ఎన్నైప్పెట్ర తాయార్ గుర్తుకు వచ్చినట్లే, హృదయాలీశ్వరర్ కోవెల, పూసలార్ నాయనారు కూడా గుర్తుకు వస్తారు. అరవైముగ్గురు నాయన్మార్లలో ఒకరైన పూసలార్ కథను 12వ శతాబ్దంలో సేక్కిళార్ పెరియ పురాణంలో చెప్పాడు. శివుడికి గుడి కట్టాలని ఆయన కోరిక. చేతిలో చిల్లిగవ్వ లేదు. అందుకని మనసులోనే పునాది తవ్వి, రాయి మీద రాయి పేర్చి, గోపురం లేపి, కుంభాభిషేకానికి ముహూర్తం పెట్టుకున్నాడు. సరిగ్గా అదే రోజుకు పల్లవ రాజు కాంచీపురంలో తాను కట్టించిన రాతి గుడికి ముహూర్తం పెట్టాడు. శివుడు రాజుకు కలలో కనిపించి, ఆ రోజు నిన్రవూరులో పూసలార్ గుడికి వెళ్లాలి, నీ ముహూర్తం మార్చుకో అన్నాడు. రాజు వెతుక్కుంటూ ఈ ఊరు వచ్చాడు. గుడి కనపడలేదు. పూసలార్‌ను చూసి అడిగాక అసలు సంగతి తెలిసింది. గుండె జబ్బున్నవారు ఈ కోవెలకు వచ్చి మొక్కుకోవడం మనం చూస్తూనే ఉన్నాం.

రెండు మతాల బోధలు ఒకటేనని మేము అనడం లేదు. పునాదులు వేరు, నమ్మకాలు వేరు. కానీ ఎవరూ చూడని చోట చేసిన పనిని చూసేవాడు ఒకడున్నాడు, ఆ పని ఎప్పటికీ మరుగున ఉండిపోదు అనే మాట తిరునిన్రవూరు మనిషికి పరాయిది కాదు. ఆ కథలో పూసలార్ తన గుడి గురించి తానుగా ఎవరికీ చెప్పుకోలేదన్నది కూడా గమనించాలి.

ఈ మాట తెలుగులోకి వచ్చిన దారి

ఈ బోధ తెలుగు అక్షరాల్లోకి రావడం కూడా చాలాకాలం మరుగున ఉండి బయటపడిన సంగతే. జర్మనీ నుంచి తరంగంబాడికి వచ్చిన లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్ట్జ్ 1726లో మద్రాసు చేరాడు. ఇక్కడి తెలుగువారి మధ్య భాష నేర్చుకుని బైబిలును తెలుగులోకి అనువదించాడు. 1743లో ఆయన తిరిగి వెళ్లిపోయాడు. హాలే నగరంలో కొన్ని చిన్న తెలుగు పుస్తకాలు అచ్చయ్యాయి గాని, ఆ బైబిలు అనువాదం మాత్రం రాతప్రతిగానే ఉండిపోయింది. ఇక్కడి మద్రాసు తెలుగు నేర్పిన ఫలం ఎక్కడో దూరాన కట్టలుగా మిగిలింది.

తర్వాత విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన అగస్టస్ డి గ్రాంజెస్, ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో మళ్లీ అనువాదం మొదలుపెట్టాడు. 1810లో డి గ్రాంజెస్ చనిపోయాడు. ఆయన పని 1812లో సేరంపూరులో అచ్చయింది. అప్పుడు అచ్చయినవి మత్తయి, మార్కు, లూకా సువార్తలు. దాచినది బయటపడుతుందన్న మాట ఉన్నది సరిగ్గా ఆ మూడింటిలోనే.

ఇంకో సంగతి కూడా ఉంది. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర మట్టిలో పూడ్చిన జాడీలో ప్రాచీన గ్రంథాలు దొరికాయి. వాటిలో తోమా పేరుతో ఉన్న సువార్త ఒకటి. మన మైలాపూరు, పరంగిమలలతో సంప్రదాయం ముడిపెట్టే తోమా పేరే అది. అయితే ఆ గ్రంథాన్ని ఆయన రాయలేదన్నది పండితుల మాట, చర్చిలు దాన్ని బైబిలులో చేర్చుకోలేదు. అందులో కూడా ఇదే బోధ కనిపిస్తుంది. దాచినది బయటపడుతుందన్న మాటే శతాబ్దాల పాటు భూమిలో ఉండి బయటికి వచ్చింది.

ఎప్పుడు బయటపడుతుంది?

ఈ ప్రశ్న అడిగేది సాధారణంగా నష్టపోయినవారు. "మా నాన్న ఇంటిని మోసం చేసి రాయించుకున్నవాడు హాయిగా బతికి, హాయిగా పోయాడు. ఏం బయటపడింది?" అని అడిగితే దులిపేసుకుని పోయే ప్రశ్న కాదు.

క్రైస్తవ బోధ ఇక్కడ తేలికైన మాట చెప్పదు. అన్నీ ఈ జీవితంలోనే తేలతాయని అది ఎక్కడా హామీ ఇవ్వలేదు. కొన్ని వెంటనే తేలతాయి. కొన్నింటికి ఏళ్లు పడతాయి. యోసేపును అన్నలు 20 వెండి నాణేలకు అమ్మేసినప్పుడు అతనికి 17 ఏళ్లు. అంగీని మేకరక్తంలో ముంచి తండ్రికి పంపారు. ఆదికాండంలోని లెక్కలు కలుపుకుంటే, నిజం బయటికి వచ్చేసరికి యోసేపుకు సుమారు 39 ఏళ్లు. ఇరవై రెండేళ్లు ఆ ముసలి తండ్రి అబద్ధాన్ని నమ్మి ఏడ్చాడు. మరికొన్ని ఈ లోకంలో తేలవు. వాటికి ప్రసంగి గ్రంథపు చివరి వాక్యం, ప్రకటన గ్రంథంలో గ్రంథాలు విప్పే దృశ్యం జవాబు చెబుతాయి: మంచిదైనా చెడ్డదైనా ప్రతి రహస్యమూ చివరి తీర్పులోకి వస్తుంది. నమ్మినవారికి ఇది ఊరట. అయితే ఈ ఊరటను చూపించి "కోర్టుకు ఎందుకు, దేవుడు చూసుకుంటాడు" అని నష్టపోయినవారి నోరు మూయించడం బోధ కాదు. విధవరాలు న్యాయాధిపతి దగ్గరికి విసుగు లేకుండా మళ్లీ మళ్లీ వెళ్లిన ఉపమానం చెప్పింది కూడా యేసే.

బయటపెట్టడం వేరు, బజారుకెక్కించడం వేరు

ఎలాగూ అన్నీ బయటపడేవే కదా, మనమే ముందు బయటపెడితే పోలా అనుకునేవారూ ఉన్నారు. వాట్సాప్ గ్రూపుల కాలంలో ఇది మరీ తేలిక. కానీ బైబిలు దీనికి అనుమతి ఇవ్వలేదు.

యోసేపు కథలోనే దీనికి మంచి పాఠం ఉంది. అన్నల ముందు తానెవరో చెప్పే ముందు అతను ఒక పని చేశాడు. గదిలో ఉన్న ఐగుప్తు వాళ్లందరినీ బయటికి పంపేశాడు. నిజాన్ని దాచలేదు, నన్ను అమ్మింది మీరే అని ముఖం మీదే చెప్పాడు. కానీ పరాయివాళ్ల ముందు చెప్పలేదు. కుటుంబంలో నిజం మాట్లాడవలసి వచ్చినప్పుడు ఇంతకంటే మంచి పద్ధతి మాకు కనపడలేదు.

మత్తయి 18వ అధ్యాయంలో యేసు చెప్పిన వరుస కూడా ఇదే. తప్పు చేసినవాడితో ముందు ఒంటరిగా మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకుపోవాలి. అప్పటికీ వినకపోతేనే సంఘం ముందు పెట్టాలి. మనం సాధారణంగా ఈ వరుసను తలకిందులు చేస్తాం. ఊరంతా తెలిసిన తర్వాత ఆ మనిషికి తెలుస్తుంది.

ప్రతి మనిషికీ చాటు కావలసిన విషయాలు కొన్ని ఉంటాయి. ఒకరి జబ్బు, ఒకరి సంతానలేమి, ఒక పిల్ల తప్పిన పరీక్ష, ఒక సంబంధం కుదరకపోవడం. ఇవి దాపరికాలు కావు, మర్యాదలు. ఒక సంగతి ఏ రకానిదో తెలుసుకోవడానికి మేము ఒక ప్రశ్న సూచిస్తాం: ఇది తెలియకపోవడం వల్ల ఎవరికైనా నష్టం జరుగుతోందా? జరగకపోతే అది వారి సొంత విషయం. జరుగుతుంటే అది దాచకూడని విషయం.

పరువు పేరుతో కప్పకూడనివి

అలా దాచకూడని వాటిలో మొదటిది పిల్లల మీద జరిగే అఘాయిత్యం. ఇంట్లో జరిగితే వంశం పరువు, బడిలో జరిగితే బడి పేరు, చర్చిలో జరిగితే సంఘం సాక్ష్యం అని చెప్పి కప్పేయడం అన్ని మతాల్లోనూ ఉంది. క్రైస్తవ సంఘాలు దీనికి చాలా పెద్ద మూల్యం చెల్లించాయి. అమెరికాలో బోస్టన్ నగరపు కతోలిక గురువుల మీద ఆరోపణలు ఏళ్ల తరబడి లోలోపలే సర్దుబాటై, 2002లో పత్రికల్లో బయటపడ్డాక ప్రపంచమంతటా ఇలాంటివి వెలుగులోకి వచ్చాయి. 2019 మేలో పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన ఆదేశం, ఇలాంటి సమాచారం తెలిసిన గురువులు, కన్యాస్త్రీలు తప్పనిసరిగా సభాధికారులకు తెలియజేయాలని చెప్పింది. దాని లాటిన్ పేరుకు అర్థం మీరు లోకానికి వెలుగు అని. ఆ మాట ఉన్న మత్తయి ఐదో అధ్యాయంలో, తర్వాతి వాక్యంలోనే కుంచం కింద దీపం ప్రస్తావన ఉంది.

మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సంస్థను నడిపేవారు తమ కింద పనిచేసేవారి విషయంలో దాస్తే ఏడాది దాకా జైలు ఉంది. 1098కు ఫోన్ చేసి సాయం అడగవచ్చు. అదే చట్టం 23వ సెక్షన్ బాధిత పిల్లల పేరు, ఫోటో, ఇల్లు, బడి వంటి గుర్తులు ప్రచురించడాన్ని నిషేధించింది. నేరం వెలుగులోకి రావాలి, బిడ్డ మరుగున ఉండాలి. పైన చెప్పుకున్న తేడాను చట్టం కూడా గుర్తించింది.

భయంతో దాచినవారి సంగతి

ఈ విషయం రాయడం సున్నితం. రాయకపోతే దాపరికం గురించి రాసిన ఈ వ్యాసమే దాపరికం అవుతుంది.

తెలుగు దళిత కుటుంబాల్లో క్రైస్తవ విశ్వాసం ఉండి, కాగితాల మీద హిందువులుగా ఉన్నవారు ఉన్నారు. కారణం అందరికీ తెలిసిందే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను మొదట హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులనూ, ముస్లింలనూ చేర్చలేదు. తమిళనాడులో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారు వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు. ఊరివాళ్లు చూసే చూపు మారలేదు, కాగితం మీది హోదా మాత్రం మారింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మత షరతును తీసేయమంది. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్‌ను వేసింది.

ఈలోగా కోర్టుల వైఖరి గట్టిగానే ఉంది. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో, బాప్తిస్మం పొంది క్రమంగా చర్చికి వెళుతున్న వ్యక్తి ఉద్యోగ రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం కుదరదని తీర్పు ఇచ్చింది. అలా చెప్పుకోవడం రాజ్యాంగం మీద మోసమే అవుతుందంది. ఆ కేసులో చర్చి బాప్తిస్మపు నమోదు కూడా ఒక ఆధారమైంది. కాబట్టి ఉద్యోగానికో, సీటుకో ధ్రువపత్రం తీసుకునే కుటుంబాలు ఈ సంగతి తెలిసే నిర్ణయం తీసుకోవాలి. అనుమానం ఉంటే ముందే వకీలును అడగడం మంచిది. ఏళ్ల తర్వాత విచారణలో తేలితే ఉద్యోగమే పోయే ప్రమాదం ఉంది.

ఇలాంటివారిని వేషధారులని తీసిపారేయడం తేలిక. సువార్తలు ఆ పని చేయలేదు. నీకొదేము రాత్రివేళ యేసు దగ్గరికి వచ్చాడు. యేసు అతన్ని పగలు రమ్మనలేదు, రాత్రే కూర్చోబెట్టి మాట్లాడాడు. అరిమతయియ యోసేపు భయంతో రహస్య శిష్యుడిగా ఉన్నాడని యోహాను సువార్తే చెబుతుంది. యేసు చనిపోయిన రోజు, బాహాటంగా వెంట తిరిగినవారు చాలామంది చెదిరిపోగా, పిలాతు దగ్గరికి వెళ్లి దేహాన్ని ఇమ్మని అడిగింది ఈ రహస్య శిష్యుడే. సుగంధద్రవ్యాలు మోసుకుంటూ వచ్చింది ఆ రాత్రివేళ మనిషే. లాభం కోసం వేసిన వేషానికీ, భయంతో కప్పుకున్న దుప్పటికీ తేడా ఉంది. ఒకరు ఎందుకు దాచవలసి వచ్చిందో అడగకుండా, దాచారని మాత్రమే నిందించడం సగం నిజమే. భయపెట్టిన వ్యవస్థ కూడా ఒకరోజు వెలుగులోకి రావలసిందే.

ఇంటికి వచ్చేసరికి

ఇంత పెద్ద బోధ మన ఇళ్లలో మొదలయ్యేది చిన్న విషయాలతోనే. భార్యకు తెలియకుండా పెట్టిన తాకట్టు, అక్కచెల్లెళ్లకు చెప్పకుండా ఉమ్మడి పత్రం మీద తెచ్చిన అప్పు, తమ్ముడి తరఫున ఇచ్చిన హామీ సంతకం. ఇల్లు అమ్మే రోజున విల్లంగ సర్టిఫికెట్ తీస్తే రిజిస్టరైన తాకట్టు ఎలాగూ కనిపిస్తుంది. అప్పుడు అప్పు ఎంత అన్నదాని కంటే ఇన్నేళ్లు చెప్పలేదన్నదే ఎక్కువ కాలుస్తుంది. తనంత తాను చెప్పినవాడికీ, పట్టుబడినవాడికీ ఇంట్లో దక్కే చూపు వేరు. తప్పులు దాచేవాడు వర్ధిల్లడు, ఒప్పుకుని విడిచిపెట్టేవాడికి కనికరం దొరుకుతుందని సామెతల గ్రంథం 28వ అధ్యాయం చెప్పింది ఈ తేడానే.

చెప్పవలసినది ఉంటే ముందు నష్టపోయినవారికే చెప్పాలి, యోసేపులా గదిలో ఇతరులు లేనప్పుడు చెప్పాలి. వినేవారు కూడా ఆ మాటను గది దాటనివ్వకూడదు. అలాగే ఇంట్లో ఎవరూ చూడని పనులు చేసే మనిషి ఒకరు ఉంటారు. మంచాన పడ్డ అత్తగారికి నడిరాత్రి లేచి పక్క మార్చే కోడలో, అన్న అప్పును తన జీతంలోంచి చప్పుడు లేకుండా కట్టే తమ్ముడో. అదీ ఒకరోజు బయటపడుతుందని బోధ అంటోంది. దానికోసం తీర్పు దినం దాకా ఆగనక్కరలేదు, ఈ సాయంత్రమే ఒక మంచి మాట అనవచ్చు.